6.3కి మందు లేదు, 6.5కి ఉంది: మెడీకాల్, వెగోవీ, మీ అమ్మగారిని చూసుకునే ఆవిడ

మీరు అడిగింది ఇది. మీ అమ్మగారిని చూసుకోవడానికి రోజూ ఇంటికొచ్చే మెక్సికన్ ఆవిడకి ఏడాదిగా మెడీకాల్ (కాలిఫోర్నియాలో పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) మీద బరువు తగ్గించే వెగోవీ ఇంజెక్షన్ వచ్చేది, 2026 జనవరి నుంచి ఆపేశారు. మీకేమో కంపెనీ ఇన్సూరెన్స్‌లో అదే మందు నెలకి 25 డాలర్లకి వస్తోంది. ఎందుకిలా, ఏమైనా చెయ్యొచ్చా అని. చివర్లో "వాళ్ల తిండి అలాంటిది, మందు ఎన్నాళ్లని ఇస్తారు అని మావారు అంటున్నారు" అని కూడా రాశారు. ఆ మాటకీ జవాబు చెప్తాను, కానీ ముందు అసలు సంగతి.

నేను ఫార్మసిస్టుని. ఫ్రెస్నో దగ్గర ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, అంతకుముందు నాలుగేళ్లు టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు పక్కన ఉన్నాను. మా దగ్గరకొచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది లాటినోలే, ఎక్కువమంది ద్రాక్ష, పీచ్, బాదం తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసేవాళ్లు. ఇన్సూరెన్స్‌కి ఫారాలు రాయడం, తిరిగొచ్చిన వాటిని మళ్లీ పంపడం, ఫోన్లో గంటలకొద్దీ పట్టుకుని కూర్చోవడం నా పనిలో సగం. అందుకని ఇది నాకు వార్తల్లో చదివిన విషయం కాదు.

"ఎందుకిలా" అన్నదానికి మూలం 1990లో ఉంది. ఆ ఏడాది మెడికెయిడ్, అంటే పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్, దాని మందుల మీద అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. కంపెనీలు రాష్ట్రాలకి రిబేటు ఇవ్వాలి, బదులుగా రాష్ట్రాలు ఆ కంపెనీల మందులన్నీ ఇవ్వాలి. అయితే ఫలానా రకాలు ఇష్టముంటే ఇవ్వండి, లేకపోతే మానేయండి అని ఒక జాబితా పెట్టారు. జుట్టు మొలిపించే మందులు, దగ్గు జలుబు మందులు, పిల్లలు పుట్టడానికి వాడేవి, వాటి పక్కనే బరువు తగ్గించే మందులు. 2003లో పెద్ద వయసువాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌కి మందుల పథకం తెచ్చినప్పుడు ఈ జాబితానే తీసుకుని, అక్కడ "ఇష్టముంటే" కూడా లేకుండా బరువు మందుల్ని పూర్తిగా తీసేశారు. అప్పటి భయం కూడా అర్థం చేసుకోదగ్గదే, ఫెన్-ఫెన్ అనే బరువు మందు గుండె కవాటాల్ని పాడు చేస్తోందని 1997లో మార్కెట్‌లోంచి తీసేసి అప్పటికి ఆరేళ్లే అయింది. కానీ 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించింది, 2021లో వెగోవీ వచ్చింది, 2023లో అలాంటిదే జెప్‌బౌండ్ వచ్చింది, చట్టంలో ఆ ముక్క మాత్రం అలాగే ఉంది. మార్చలేనిదేం కాదది. సిగరెట్ మాన్పించే మందులు కూడా అదే జాబితాలో ఉండేవి, ఒబామా తెచ్చిన ఆరోగ్య ఇన్సూరెన్స్ చట్టం వల్ల 2014 నుంచి వాటిని తీసేశారు. బరువు మందుల కోసం 2012 నుంచి దాదాపు ప్రతి కాంగ్రెస్‌లోనూ బిల్లు పెడుతూనే ఉన్నారు, ఒక్కసారీ చట్టం కాలేదు. 2024 నవంబరులో బైడెన్ ప్రభుత్వం చట్టం మార్చకుండానే నిబంధనకి కొత్త అర్థం చెప్పి ఇద్దామని ప్రతిపాదించింది, 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది.

కాబట్టి మెడికెయిడ్‌లో ఇది రాష్ట్రాల ఇష్టం. కాలిఫోర్నియా మెడికెయిడ్ పేరే మెడీకాల్. ఇక్కడ మొన్నటిదాకా ఇచ్చారు, 2026 జనవరి 1 నుంచి బరువు కోసం అయితే ఇవ్వం అన్నారు. న్యూ హాంప్‌షైర్, పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా కూడా అదే సమయంలో వెనక్కి తగ్గాయి. మీ కంపెనీ ఇన్సూరెన్స్ మీద ఈ పాత చట్టం ప్రభావం లేదు, అందుకే మీకు వస్తోంది. ఆవిడ ఒంటికీ మీ ఒంటికీ తేడా ఏమీ లేదు, కార్డులో ఉంది తేడా.

ఇప్పుడు ఒకావిడ గురించి చెప్తాను. ఊరూ పేరూ చెప్పను. నలభై మూడేళ్లు, ప్యాకింగ్ షెడ్‌లో నిలబడి చేసే పని. తల్లికి షుగర్‌తో కాలి పాదం తీసేశారు. ఈవిడ మా దగ్గరకొచ్చినప్పుడు 228 పౌండ్లు, మూడు నెలల సగటు షుగర్ (ఏ1సీ పరీక్ష) 6.3. పద్నాలుగు నెలలు మందు వాడి 38 పౌండ్లు తగ్గింది, షుగర్ 5.6కి దిగింది. షిఫ్ట్ అయ్యాక మోకాళ్లు పట్టుకోకుండా కారు ఎక్కగలుగుతున్నానని నాకు క్లినిక్ పార్కింగ్‌లో ఎక్కి చూపించింది. డిసెంబరులో ఆఖరి పెన్ను తీసుకెళ్లింది. మార్చిలో వచ్చేసరికి 11 పౌండ్లు మళ్లీ వచ్చాయి. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు, మందు ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేస్తుందని ఈ మందు మీద చేసిన పరిశోధనల్లోనే తేలింది. బీపీ మాత్ర ఆపేస్తే బీపీ పెరిగినట్టే ఇదీ.

ఆవిడకి నేను నిబంధన వివరించాల్సి వచ్చింది. ఆ మూడు నెలల షుగర్ 6.5కి చేరితే డయాబెటిస్ అంటారు, అప్పుడు ఓజెంపిక్ ఇస్తారు. ఓజెంపిక్‌లో ఉండేదీ వెగోవీలో ఉండేదీ ఒకటే మందు, సెమాగ్లుటైడ్. 6.3 అయితే లేదు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే షుగర్ వచ్చేదాకా తినమంటారా నన్ను?" అని. వెటకారంగా అనలేదు. అదే దారి అనుకుని, నా సలహా ఏంటో తెలుసుకుందామని నిజంగానే అడిగింది. తల్లి పాదం ఎలా పోయిందో ఇంట్లో ఉండి చూసిన మనిషి ఆ ప్రశ్న అడిగింది. ఆ రోజు నేను ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

ఇంకో సంగతి. మందు ఆగిపోతుందని ఆవిడకి ముందే ఉత్తరం వచ్చింది. ఎనిమిదో క్లాసు చదివే కూతురు చదివి చెప్పింది. ఆ మందు ఇకపై "కవర్డ్ బెనిఫిట్" కాదు, అంటే ఇన్సూరెన్స్ ఇచ్చేవాటిలో లేదు, అని ఇంగ్లీషులో ఉంది. బెనిఫిట్ అంటే మేలు కదా, ఆ పిల్ల "ఇకపై ఈ మందు వల్ల మేలు లేదంట అమ్మా" అని చెప్పింది. మందులో ఏదో చెడు ఉందని కనిపెట్టారేమో, పద్నాలుగు నెలలు పొడుచుకున్నానే, లోపల ఏం పాడైందో అని ఆవిడ మూడు నెలలు టెన్షన్ పడింది. ఎవరినీ అడగలేదు. స్పానిష్ కాగితం కూడా పంపి ఉంటారు, కానీ వాళ్లది మెక్సికోలో ఒహాకా రాష్ట్రం, ఇంట్లో మాట్లాడేది మిష్టెకో అనే అక్కడి ఆదివాసీ భాష, స్పానిష్ ఆవిడకి రెండో భాష, చదవడం అంతంతమాత్రం. మనవాళ్లు అందరినీ "స్పానిష్ వాళ్లు" అనేస్తారు. సెంట్రల్ వ్యాలీ తోటల్లో వేలమందికి స్పానిష్ కూడా పరాయి భాషే.

ఇది లాటినోలకే ఎందుకు ఎక్కువ తగులుతుంది అంటే, రెండు మూడు విషయాలు ఒకేచోట కలుస్తాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017-18 లెక్కల్లో ఊబకాయం ఉన్న పెద్దవాళ్లు హిస్పానిక్‌లలో 44.8 శాతం, తెల్లవాళ్లలో 42.2. ఇంతేనా తేడా అనిపిస్తుంది. పిల్లల్లో చూడండి, 25.6 శాతం, 16.1 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మొత్తం అమెరికన్లలో 40 శాతమైతే హిస్పానిక్‌లలో 50 శాతం పైనే అని సీడీసీయే చెప్తుంది. లివర్ సంగతి ఇంకా ఉంది. డాలస్ హార్ట్ స్టడీలో 2008లో ఒక జన్యువు దొరికింది, లివర్‌లో కొవ్వు పేరుకునేలా చేసే మార్పు దాంట్లో ఉంది. అది మిగతావాళ్లకంటే హిస్పానిక్‌లలో బాగా ఎక్కువగా కనిపించింది. అంటే ఒకే బరువున్నా వీళ్ల లివర్ ముందు దెబ్బతినొచ్చు. మనకి పొట్ట కాస్త పెరిగితే చాలు షుగర్ వచ్చేస్తుంది కదా, తెల్లవాళ్లని చూసి పెట్టిన బీఎంఐ (ఎత్తుకి ఎంత బరువు అన్న లెక్క) గీత మన తెలుగువాళ్లకి ఎలా సరిపోదో ఒక్క బరువు లెక్కే చూస్తే వాళ్లకీ అలాగే సరిపోదు.

ఈ జబ్బులన్నీ ఎక్కువ ఉన్నవాళ్లే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మీద కూడా ఎక్కువ ఆధారపడ్డారు. మెడీకాల్‌లో ఉన్నవాళ్లలో సుమారు సగం మంది లాటినోలు. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో బడ్జెట్ పుస్తకంలో ఒక లైను కొట్టేస్తే, ఎవరి పేరూ రాయకపోయినా, అందులో సగం వీళ్ల మీదే పడుతుంది. టెక్సస్‌లో ఈ బాధ కూడా లేదు, ఎందుకంటే అక్కడ మొదలే పెట్టలేదు. పేద పెద్దవాళ్లకి మెడికెయిడ్ విస్తరించలేదు, పదిమందిలో నలుగురు లాటినోలు ఉన్న రాష్ట్రం, దేశంలోకెల్లా ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఎక్కువ ఉన్న రాష్ట్రం అదే. నేను అక్కడ ఉన్నప్పుడు బ్రౌన్స్‌విల్ వైపు వచ్చేవాళ్లలో దాదాపు సగం మందికి ఊబకాయం ఉండేది, మా చేతిలో ఉండేది మెట్‌ఫార్మిన్, ఫెంటర్మిన్ అనే పాత మాత్రలు, ఒక తిండి చార్టు. అక్కడివాళ్ల చేతికి అసలు రానే రాలేదు, ఇక్కడివాళ్ల చేతికిచ్చి లాక్కున్నారు. రెండిట్లో ఏది ఎక్కువ బాధ అని నన్నడిగితే చెప్పలేను.

కాగితాల భయం కూడా ఉంది. 2019లో, ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవాళ్లకి గ్రీన్ కార్డు కష్టం చేసే పబ్లిక్ చార్జ్ నిబంధన తెచ్చినప్పుడు, మెడికెయిడ్ వాడితే గ్రీన్ కార్డు రాదన్న మాట పాకిపోయి, అర్హత ఉన్న పిల్లల్ని కూడా తల్లిదండ్రులు పథకంలోంచి తీసేయించుకున్నారు. ఆ నిబంధన 2021లో పోయింది, భయం పోలేదు. 2025లో మెడికెయిడ్ వివరాలు ఇమ్మిగ్రేషన్ శాఖకి వెళ్లాయని బయటపడ్డాక మా క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నవాళ్లని నేనే లెక్కపెట్టాను, ఒక్క వారంలో ఇరవై ఆరు మంది. అందులో అమెరికాలో పుట్టినవాళ్లు కూడా ఉన్నారు, ఇంట్లో ఇంకెవరికో కాగితాలు లేవు కాబట్టి.

రాష్ట్రం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. డబ్బు కొరత నిజం. ఈ కోత పెట్టిన 2025-26 కాలిఫోర్నియా బడ్జెట్‌లో లోటు దాదాపు 12 బిలియన్ డాలర్లు. అప్పుడు వెగోవీ అచ్చు ధర నెలకి 1,349 డాలర్లు, రిబేట్లు పోయినా చిన్న మొత్తం కాదు. ఈ ఒక్క మందుల కోతతో 2028-29 నాటికి ఏడాదికి 680 మిలియన్లు మిగులుతాయని రాష్ట్రం లెక్క వేసింది. మందు ఈ ఏడాది కొనాలి, దానివల్ల ఆగే డయాలసిస్, ఆగే కాలు కోత పదేళ్ల తర్వాత కనపడతాయి, అప్పటికి ఆ మనిషి మెడికేర్‌కి మారిపోయి ఉండొచ్చు, ఆ ఆదా ఇంకొకరి ఖాతాలో పడుతుంది. బడ్జెట్ వేసేవాళ్ల చెయ్యి అందుకే ఆడదు. అందుకనే నేను రాష్ట్రాల్ని అన్నదానికంటే ఎక్కువగా మందు ధరని, 1990 నాటి జాబితాని అంటాను. 2025 నవంబరులో వైట్‌హౌస్ రెండు కంపెనీలతో ఒప్పందం ప్రకటించింది, ప్రభుత్వ పథకాలకి 245 డాలర్ల ధర, మెడికేర్ వాళ్లు చేతి నుంచి కట్టేది 50 డాలర్లు అని. మెడికెయిడ్‌లో మాత్రం చేరాలా వద్దా అన్నది మళ్లీ రాష్ట్రాలకే వదిలేశారు. అదే ధరకి కాలిఫోర్నియా మళ్లీ తలుపు తెరవాలని నా కోరిక, మా క్లినిక్ డాక్టర్లంతా కలిసి మా అసెంబ్లీ సభ్యుడికి ఉత్తరం కూడా రాశాం.

ఇక తిండి మాట. మీ వారిని తప్పుపట్టడం లేదు, మన ఇళ్లలో చాలామంది అనేదే. కానీ నేను వాళ్ల ఇళ్లలో తిన్నాను. బీన్స్, మొక్కజొన్న రొట్టె, నాగజెముడు ఆకు కూర, టమాటా పచ్చిమిర్చి పచ్చడి. అందులో ఏం తప్పుంది? మన పప్పు, జొన్న రొట్టె, గోంగూర లాంటిదే. తప్పు ఎక్కడుందో చూడాలంటే తోటల మధ్య ఉన్న చిన్న ఊళ్లకి వెళ్లాలి. అక్కడ బోరు నీళ్లలో ఎరువుల నైట్రేట్, ఆర్సెనిక్ ఉంటాయి, పంపు తిప్పితే తాగడానికి లేదు. 2012లో నీళ్లు మనిషి హక్కని రాష్ట్రం చట్టమే చేసింది, ఇప్పటికీ వ్యాన్‌లో డబ్బాలు మోసుకొచ్చే ఇళ్లున్నాయి. నీళ్లు కొనాలి, సోడా కూడా కొనాలి, రెండూ ఇంచుమించు ఒకే ధర, పిల్లలు ఏది అడుగుతారో మీకు తెలుసు. తెల్లారి నాలుగింటికి లేచి, వంద డిగ్రీల ఎండలో పనిచేసి, ఇంటికొచ్చిన మనిషిని సాయంత్రం వాకింగ్‌కి వెళ్లమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇంకొకటి, వాళ్లు మనలాంటివాళ్లే. మనం డయాబెటిస్ అనకుండా షుగర్ అంటాం, వాళ్లు అసూకర్ అంటారు, అదీ చక్కెరే. భర్తకి యాక్సిడెంట్ అయిన రోజు భయపడ్డాను, అప్పటి నుంచే షుగర్ అని చాలామంది చెప్తారు, దాన్ని సుస్తో అంటారు. మా అమ్మమ్మ దడుపు జ్వరం అనేది కదా, వినగానే నాకు అదే గుర్తొచ్చింది. ఇన్సులిన్ మొదలుపెడితే కళ్లు పోతాయని మన పెద్దవాళ్లు అన్నట్టే వాళ్లూ అంటారు. కాబట్టి మీరు ఆవిడతో మాట్లాడటం మొదలుపెడితే అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంటుంది.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చో.

మెడీకాల్ ఆపింది బరువు కోసం వాడటాన్ని మాత్రమే. వేరే జబ్బు ఉంటే, ముందస్తు అనుమతి తీసుకుని ఇదే మందో ఇలాంటిదో రావచ్చు. షుగర్ ఉంటే ఓజెంపిక్. గుండెపోటో పక్షవాతమో ఇదివరకు వచ్చి ఉంటే వెగోవీ, ఆ వాడకానికి 2024 మార్చిలోనే మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఫ్యాటీ లివర్ ముదిరి లివర్ గట్టిపడటం మొదలై ఉంటే కూడా వెగోవీ, దానికి 2025 ఆగస్టులో ఒప్పుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఓ మోస్తరుగానో ఎక్కువగానో ఉంటే జెప్‌బౌండ్. అందుకని ఆవిడ డాక్టర్‌ని మూడు అడగమనండి. మూడు నెలల షుగర్ మళ్లీ చూడమని, మామూలు రక్త పరీక్షలోంచే లివర్ మచ్చల అంచనా లెక్క కట్టమని, గురక ఉంటే నిద్ర పరీక్షకి పంపమని. గురక సంగతి ఆవిడకి తెలియదు, ఇంట్లోవాళ్లని అడగాలి. నిద్ర పరీక్షకి మా దగ్గర నెలల తరబడి వరస ఉంటుంది, ఇంటికే చిన్న మెషిన్ ఇచ్చి పంపే పద్ధతి ఉందేమో అడగండి, అది త్వరగా అవుతుంది. ఈ మందు దక్కాలంటే మనిషిలో జబ్బు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఈ ఏడాది నా ఉద్యోగమైపోయింది. దొరికితే సంతోషించాలో ఏడవాలో తెలియదు.

ఏదీ దొరకకపోతే, బరువు ఆపరేషన్ మెడీకాల్‌లో ఇప్పటికీ ఉంది, దాని గురించి లాటినో పేషెంట్లకి ఎవరూ చెప్పరు, నేను చెప్పేదాకా విననివాళ్లే ఎక్కువ. ఆవిడ పిల్లల్లో ఎవరికైనా ఈ సమస్య ఉంటే, 21 ఏళ్లలోపు వాళ్లకి మెడికెయిడ్‌లో అవసరమైన వైద్యం ఇచ్చి తీరాలన్న ఫెడరల్ నియమం వేరే ఉంది, ఆ నియమం పేరు చెప్పి డాక్టర్‌తో అప్లై చేయించాలి. సొంత డబ్బుతో కొంటే కంపెనీ నేరుగా అమ్మే ధర 2025 చివర్లో నెలకి 349 డాలర్లు ఉండేది, కనీస వేతనం మీద అది ఇరవై గంటల పైన కూలి, నేనెవరికీ గట్టిగా చెప్పను. ఫ్లీ మార్కెట్‌లో, ఫేస్‌బుక్‌లో సీసాల్లో కలిపి అమ్మేవి మాత్రం వద్దని గట్టిగా చెప్పండి, డోసు పది రెట్లు ఎక్కించుకుని ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్లని చూశాను. మీ పెన్నులోంచి ఆవిడకి ఇవ్వాలని కూడా అనుకోవద్దు. ప్రేమతో అలా చేసినవాళ్లు నాకు తెలుసు, డోసు చూసేవాళ్లు లేకుండా అది ప్రమాదం.

ఆవిడ కాగితాల గురించి మీరు అడగొద్దు. ఒక్క మాట మాత్రం అందరికీ చెప్పినట్టు చెప్పండి, మెడీకాల్ రెన్యూవల్ కవరు వస్తే ఒక్కరోజు కూడా పక్కన పెట్టొద్దని. కాగితాలు లేని పెద్దవాళ్లని 2026 జనవరి నుంచి కొత్తగా చేర్చుకోవడం లేదు, ఇప్పటికే ఉన్నవాళ్లు ఒకసారి జారిపోతే మళ్లీ ఎక్కడం చాలా కష్టం. మందు పోయిన దానికంటే అది పెద్ద నష్టం, మీ అమ్మగారిని లేపి కూర్చోబెట్టే ఆ నడుముకి రేపు ఏమైనా అయితే చూపించుకునే దిక్కు ఉండదు.

అనుమతి కోసం డాక్టర్ పంపిన ఫారం తిరిగొస్తే, ఆ ఉత్తరం మీద తేదీ నుంచి 90 రోజుల్లో స్టేట్ హియరింగ్, అంటే రాష్ట్రం జరిపే విచారణ, అడగొచ్చు, ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, దుబాసీని వాళ్లే ఇవ్వాలి. ఆవిడ దగ్గర ఏ ఉత్తరాలున్నాయో అన్నీ తెమ్మనండి, మీ డైనింగ్ టేబుల్ మీద పరిచి తేదీలు చూడండి. చదివి చెప్పే పని వాళ్ల పిల్లలకి పెట్టొద్దు. అంతకంటే ముందు, ఇంట్లో మాట్లాడేది స్పానిషేనా ఇంకేదైనానా అని ఆవిడని అడిగి, ఆ భాష పేరు క్లినిక్‌లో రాయించండి.